కత్తెర పట్టిన రాణి

మా మేనత్తకు చెవుడు లేదు. కాకపోతే ఆమె చెవికి నచ్చినట్టే వినపడుతుంది. మా బ్యాండ్ కొత్త ఆల్బమ్ చివరి పాటలో రాణి కోటగోడ ఎక్కి "ఎత్తు కత్తీ!" అని అరుస్తుంది. అత్త చొక్కాలకు కాజాలు కుడుతూ "ఎత్తు కత్తెరా!" అని పాడుకునేది.

ఆమెది టైలరింగ్ షాపు. నన్ను పెంచింది ఆమే. మా సాధన ఆ షాపు వెనక గదిలో, గుడ్డల మూటల మధ్య. సగం మోతను అవే మింగేస్తాయి. మాది పవర్ మెటల్ సంగీతం. అంటే కత్తులు, కోటలు, ఆకాశానికెక్కే గొంతు, దౌడు తీసే డ్రమ్ములు. అందుకే మా డ్రమ్మర్‌ను గుర్రం అంటాం. వాడు రెండు కాళ్లతో పెడళ్లు తొక్కుతుంటే అత్త తలుపు తీసి, "ఆ కాళ్లేవో నా మిషన్ మీద పెట్టరా, రోజుకి ఇరవై చొక్కాలు కుట్టేస్తాను" అనేది.

మేమూ తక్కువ తినలేదు. "రాణిగారు యుద్ధానికొచ్చారా, కొలతలు తీసుకోడానికొచ్చారా అత్తా?" అని ఏడిపించేవాళ్లం.

ఆల్బమ్ సగంలో ఉండగా, పాటలు పాడే నా గొంతులోనే కంతి లేచింది. ఆపరేషన్ చేసి, నెలరోజులు నోరు విప్పొద్దన్నారు. నాలాంటి వాగుడుకాయకు అంతకన్నా శిక్ష ఏముంటుంది? అత్త గుడ్డ మీద గీతలు గీసే సుద్దముక్కను నా చేతికిచ్చి, నల్ల గుడ్డ పీలికలు ముందు పడేసింది. నేను రాసిన తిట్లన్నీ ఓపిగ్గా చదివి, దులిపి, మళ్లీ ఇచ్చేది. ఆమె లేకపోతే నాకు పిచ్చెక్కేది. ఆ మాట ఆమెతో ఎప్పుడూ అనలేదు.

నెల దాటాక మళ్లీ పాడటం మొదలెట్టాను. రికార్డింగ్ ఆఖరి రోజు వచ్చింది. మిగిలింది ఆ ఒక్క అరుపే. "కత్తీ" అని పైకి వెళ్లేసరికి గొంతు బిగుసుకుపోతోంది. పదకొండుసార్లు పాడాను. ప్రతిసారీ ఎవరో పీక నొక్కినట్టే ఉంది.

గుర్రం నావైపు చూడకుండా, "పోనీ, ఈ పాట వేరేవాళ్లతో పాడిద్దామా?" అని నసిగాడు.

ఈరోజు ఒక పాట పోతే, రేపు నా చోటే పోతుంది. నాకు ఒళ్లు మండింది, ఏడుపూ వచ్చింది.

అప్పుడు గుర్తొచ్చింది అత్త పాట. 'తీ' అంటే పళ్లు దగ్గరకొస్తాయి. 'రా' అంటే నోరు బార్లా తెరుచుకుంటుంది.

"ఇంకొక్కసారి" అని, "ఎత్తు కత్తెరా!" అందుకున్నాను. గొంతు ఎక్కడా తగులుకోలేదు. నేను ఆపేదాకా ఆగలేదు. గుర్రం నవ్వుతూ కళ్లు తుడుచుకున్నాడు.

ఆల్బమ్ రాగానే షాపులో ఆ పాట పెట్టి వినిపించాను. అత్త మిషన్ ఆపి, కళ్లు మూసుకుని వింది. ఆ అరుపు దగ్గర ఉలిక్కిపడింది.

"అయ్యో, తప్పు పాడావే! కత్తి కదా? మీరంతా నవ్వారని కూర్చుని మరీ సరిగ్గా నేర్చుకున్నానే!"

సుద్దముక్క తీసుకుని నల్ల పీలిక మీద రాశాను: "నువ్వు పాడిందే ఒప్పు అత్తా. నా గొంతు నువ్విచ్చిందే."

అత్త చదివింది. ఈసారి దులపలేదు.