పేదరికం లేని ఊళ్లో ఏకగ్రీవం

ఎండాకాలం పొద్దున్నే పారలు, తట్టలు పట్టుకుని ఉపాధి పనికి చెరువులో దిగిన ఆడవాళ్లకు అక్కడ జేసీబీ ఎదురైంది. అది గ్రామాభివృద్ధి కమిటీ అధ్యక్షుడు రాంచందర్‌ది. తవ్వేదీ అదే, ఎత్తిపోసేదీ అదే. ఫీల్డ్ అసిస్టెంట్ ఆడవాళ్లను కట్ట కింద వరసగా నిలబెట్టి, యంత్రం కనపడకుండా సెల్‌ఫోన్‌లో ఫోటో తీసుకుని, ఇక ఇళ్లకు పొమ్మన్నాడు. ఫోటో దిగినందుకు చేతిలో ఏదో పెడతారు, అసలు కూలి రాంచందర్‌కు పోతుంది. పేదరికాన్ని తరిమే పథకమంటే ఇదే. పేదరికాన్ని తరమడం కష్టం గనుక పేదవాళ్లను తరుముతున్నారు.

భూమవ్వ తట్ట నెత్తిన పెట్టుకుని వెనక్కి తిరిగింది. ఊరి చివర కూలీల వాడలో ఆమెతోపాటే ఉండే యాదవ్వ మాత్రం, పనికొచ్చి పని చేయకుండా పోయేదేందని గొణుగుతూ ఒక మూలన పారతో తవ్వసాగింది. యంత్రం కోసిన కట్ట విరిగి ఆమె కాలి మీద పడింది.

రాంచందర్ వచ్చి చూశాడు. ఇంటి దగ్గర జారిపడిందని చెప్పమని అందరికీ ఆజ్ఞ ఇచ్చి పోయాడు. అలా సర్కారు కాగితాల్లో యాదవ్వ ఒకే పూట చెరువులో మట్టి మోసింది, ఇంట్లో జారి కాలు విరగ్గొట్టుకుంది. ఇంత చురుకైన ముసలమ్మ జిల్లా మొత్తంలో ఉండదు. ట్రాక్టర్‌లో ఆమె కాలు ఒళ్లో పెట్టుకుని చొప్పదండి దవాఖానా దాకా పోయిన భూమవ్వ, డాక్టరు అడిగినప్పుడు నోరు తెరవలేదు. నోరు తెరిస్తే ఆ ఫోటో కూలి కూడా పోతుందని భయం. ఆ భయం మీద ఆమెకే అసహ్యం వేసింది.

వానలు వెనకబట్టేసరికి ఊరి ముందు కమాను లేచింది. ‘పేదరికం లేని ఊరు’ అని దాని మీద రంగుల అక్షరాలు. దాని కిందుగానే యాదవ్వ కర్ర పట్టుకుని కుంటుతూ నడుస్తోంది.

అంతలో సర్పంచ్ ఎన్నికలు వచ్చాయి. ఆ ఊళ్లో ఎన్నికలంటే వేలంపాట. కమిటీ కూర్చుని సీటును పాటకు పెడుతుంది. ఎక్కువ పాడినవాడిదే సీటు. ఇంకెవరూ నామినేషన్ వేయకూడదని పసుపు బియ్యం పట్టుకుని అందరూ ఒట్టు పెట్టుకుంటారు. ఆ పూట మేకలు కోసి ఊరంతటికీ యాటకూర. దాన్నే ఏకగ్రీవం అంటారు, పై అధికారులు వచ్చి శాలువాలు కప్పుతారు. సీటు పాడుకున్నవాడు తర్వాత ఐదేళ్లూ ఊరిని పిండుకుంటాడు. వాడలో ఎవరికీ పట్టింపు లేదు. భూమవ్వ అయితే మరీను. ఏ రాయైతేనేం పళ్లూడగొట్టుకోవడానికి అంటూ ఆమె కూడా బియ్యం పట్టుకుంది, కూర తిన్నది.

ఈసారి సీటు ఆడవాళ్లకు వచ్చింది. కరీంనగర్‌లో కాపురం ఉంటూ ఊరి మొగమే చూడని తన భార్య మమతారాణి కోసం రాంచందర్ పాడుకున్నాడు. ఫ్లెక్సీలో ఆయన మొగం తలుపంత, ఆమెది తాళంకప్పంత.

వాడలోని మెథడిస్టు చర్చి ఆవరణలో సాల్మన్ మీటింగు పెట్టాడు. తాపీ పని చేస్తాడు, కూలీల సంఘంలో తిరుగుతాడు. ఈసారి పోటీ పెట్టాలన్నాడు. భూమవ్వ నవ్వింది. మీ సంఘమోళ్లు కూడా ఎలక్షన్లప్పుడే కప్పల్లా బయటికొస్తారని ఎకసెక్కమాడింది. సగంమంది లేచి ఇళ్లకు పోబోయారు.

“మనం వోటెయ్యకుంటే ఆయనకు కోపమొస్తదనుకుంటున్నవా చిన్నమ్మా?” అన్నాడు సాల్మన్. “ఖుషీ అయితడు. మనం పండుకున్నమని ఎరికయ్యే గా సీటు పాడుకుంటుండు.”

“వోటేస్తే యాదక్క కాలు అతుకుతదా?” అంది భూమవ్వ.

యాదవ్వ గోడకు ఆనుకుని కూర్చుంది. “నా కాలు అతుకది,” అంది. “గని చెరువుల మిషన్ దించొద్దని గ్రామసభల అడిగెటోళ్లు ఒక్కలన్న ఉండాలె గదనే. నువ్వు దవాఖానల నోరు మూసుకున్నవ్. గందుకే నేను ఇంట్ల పడ్డ.”

భూమవ్వకు తల కొట్టేసినట్టయింది. లేచి, తానే నామినేషన్ వేస్తానని చెప్పింది.

మర్నాడే కమిటీ డప్పు చాటింపు వేయించింది. వాడకు బహిష్కారం. కిరాణం ఇవ్వొద్దు, పాలు పోయొద్దు, పనికి పిలవొద్దు, మాట్లాడినవాళ్లకు జరిమానా. కమిటీ పెద్దలు మీసాలు దువ్వుకున్నారు. వాళ్ల బుర్రలకు తట్టనిదేమిటంటే, చేలల్లో పత్తి పగిలి తెల్లగా విరబూసి ఉంది. ఏరే చేతులన్నీ ఆ వాడవే. తాము కూర్చున్న కొమ్మను నరుక్కున్న మేధావులు వీళ్లు.

వాడ జనం ఉప్పూ నూనే చొప్పదండి నుంచి ఆటోలో తెచ్చుకున్నారు. పత్తి చేలోనే రాలిపోసాగింది. రాంచందర్ పక్క ఊళ్లకు ఆటోలు పంపాడు. సాల్మన్, అతని భార్య గ్రేస్ ముందే పోయి అక్కడి చుట్టాలకు సంగతి చెప్పి ఉండటంతో అవి ఖాళీగా తిరిగొచ్చాయి. మొగులు పట్టి వాన వచ్చేలా కనపడగానే, చేతులెత్తి బహిష్కారానికి జై కొట్టిన ఆసాములే దొడ్డిదారిన వాడకు వచ్చి బతిమాలసాగారు.

“మాతోటి మాట్లాడితే జరిమానా గద పటేలా,” అని భూమవ్వ ఒకాయనను సాగనంపింది. “ఎందుకు ఉత్తగ నష్టపోతవ్?”

కమిటీ లోపల్లోపలే తిట్టుకోవడం మొదలైంది. ఇక రాంచందర్‌కు పోలీసులే దిక్కయ్యారు. నామినేషన్లకు చివరి రోజు, వాడ ఆడవాళ్లందరితో కలిసి బయల్దేరిన భూమవ్వను జీపు ఆపింది. కూలీల ఆటోను అడ్డుకుందని కేసు. ఆమె ఆపిన ఆటో లేదు, అడ్డుకున్న దారి లేదు. కేసు మాత్రం ఉంది. జీపు ఎక్కుతూ, ఆగొద్దు పోండ్రి అని మాత్రం అనగలిగింది.

మధ్యాహ్నం రాంచందర్ స్టేషన్‌కు వచ్చి ఎస్సై పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. భూమవ్వ నేల మీద కూర్చుంది. పోటీ చేయనని ఒప్పుకుంటే సాయంత్రానికి ఇంట్లో ఉంటావన్నాడు. ఫీల్డ్ అసిస్టెంట్‌కు చెప్పి కూలి పూర్తిగా ఇప్పిస్తానన్నాడు. ఆమె తల అడ్డంగా ఊపింది.

అప్పుడు ఆయన ఫోన్ మోగింది. అవతలి గొంతు గదిలో అందరికీ వినపడేంత గట్టిగా ఉంది. యాదవ్వ నామినేషన్ వేసింది. గ్రేస్ వేసింది. భూమవ్వ పక్కింటి జమున వేసింది. వాడ ఆడవాళ్లు ఇంకా లైన్లోనే ఉన్నారు, అధికారి కాగితాలు తీసుకుంటూనే ఉన్నాడు. రాంచందర్ ఎస్సై వైపు చూశాడు. అంతమందిని ఎక్కించడానికి తన దగ్గర జీపులు లేవన్నట్టు ఎస్సై తల దించుకున్నాడు.

భూమవ్వ లేచి నిలబడింది.

“ఇగ ఏకగ్రీవం లేదు పటేలా. వోట్లు పెట్టాల్సిందే. రేపటి సంది వోటడుగుతందుకు మా గడపలకు రావాలె నువ్వు. వచ్చేటప్పుడు చెప్పులు బయట ఇడిసి రా.”

ఎస్సై ఆమెను లోపల వేయమని అరిచాడు. ఆమె ఎవరూ చేయి పట్టుకోకముందే తానే నడిచి లోపలికి పోయింది.