బాలమణి ఎడమ చెవిలో నేను

నేను ఒక శ్రుతిదండాన్ని. రెండు ఉక్కు కొమ్మలు, ఒక కాడ, అంతే నా ఒళ్లు. స్వరం కుదిరేదాకా కార్ఖానాలో అరగదీసి నన్ను లోకం మీదికి వదిలారు. మొదట ఒక వైద్య విద్యార్థి జేబులో తిరిగాను. అతను రోగుల చెవులకన్నా స్నేహితురాళ్ల చెవులే ఎక్కువ పరీక్షించాడు. తర్వాత సర్కారు ఆసుపత్రిలో, చెవుల డాక్టరు ఫర్హత్ గారి సొరుగులో స్థిరపడ్డాను.

మనుషుల నుదుటి మీద నన్ను ఆనిస్తారు. అబద్ధం చెప్పబోయే నుదురు బిగుసుకుంటుంది. భయపడ్డ నిజం కూడా అలాగే బిగుసుకుంటుంది. ఆ రెంటికీ తేడా తెలియకే మనుషులు మెడికల్ బోర్డులు పెట్టుకున్నారు.

ఒక ఉదయం బాలమణి వచ్చింది. బస్టాండు ముందు మిర్చి బజ్జీల బండి ఆమెది. అక్కడ ఉగ్రవాదుల బాంబు పేలిన రోజు ఆమె ఒంటి మీద రక్తపు చుక్క లేదు, అందుకని గాయపడ్డవాళ్లలో ఆమెను కలపలేదు. ఎడమ చెవి మాత్రం ఆ క్షణాన మూసుకుపోయింది. ఏ బస్సు ఎటునుంచి వస్తోందో తెలియక బండి మానేసింది. ఆ చెవి పేలుడుకే పోయిందని బోర్డు ఒప్పుకుంటే ప్రభుత్వ పరిహారం, ఆపరేషన్, మళ్లీ బండి. లేకపోతే ఏదీ లేదు.

తోడొచ్చిన యారాలు, మరిది భార్య చంద్రకళ, గుమ్మంలో ఆఖరి పాఠం చెప్పింది.

"అక్కా, యాది పెట్టుకో. ఏం పెట్టినా ఎడమ చెవుల ఇనొస్తలేదనే చెప్పు."

"నిజంగనే ఇనొస్తలేదు గదనే."

"నిజాన్ని గూడ మంచిగ చెప్పాలె. నువ్వు చెప్తే ఉప్పు లేని బజ్జీ లెక్కుంటది."

డాక్టరమ్మ నన్ను తన మోచేతికి తట్టి, కాడను బాలమణి నుదుటి మధ్య ఆనించింది. "మోత ఎటు వినిపిస్తుందమ్మా? కుడికా, ఎడమకా?"

ఎముక గుండా దూసుకెళ్లాను. కుడివైపు వరండాలోని గోలంతా నాకు అడ్డం. ఎడమవైపు నెలల తరబడి ఎవరూ అడుగుపెట్టని గది. అక్కడ నేను తప్ప మరో చప్పుడు లేదు. గది నిండా మోగాను. బాలమణిలో పాఠమూ ఆశ్చర్యమూ పెనుగులాడడం నా కాడకు తగిలింది. ఆశ్చర్యమే గెలిచింది.

"ఎడమకే," అంది. "అమ్మా, ఎడమకే మోగుతుంది. గట్టిగ మోగుతుంది."

చంద్రకళ నెత్తి కొట్టుకుంది. "అయిపాయె. చేతులార పోగొట్టుకుంటిమి."

డాక్టరు మొహంలో వెలుగొచ్చింది. "పోలేదమ్మా. బయటి చప్పుడు లోపలికి వెళ్లే దారి చెడిన చెవికే, ఎముకలోంచి వచ్చే మోత ఎక్కువ తెలుస్తుంది. నాటకమాడేవాళ్లు మంచి చెవి చూపిస్తారు."

మిగతా పరీక్షలూ ఆ మాటే చెప్పాయి. బోర్డులో అందరూ సంతకాలు చేశారు.

"మా అక్కకు అబద్ధం రాదని నేను ముందే అన్న," అంది చంద్రకళ, ఏమాత్రం సిగ్గుపడకుండా.

బాలమణి కుర్చీలోంచి లేవలేదు. "అమ్మా, అది ఇంకొక్కసారి పెడతరా?"

"పరీక్ష అయిపోయింది గదమ్మా."

"పరీక్షకు గాదమ్మా. ఆ దిక్కు ఇంకోసారి ఇనాలనుంది."

పోయినదాన్ని తేల్చడానికే నన్ను చేశారని అంతదాకా అనుకున్నాను. డాక్టరు నన్ను మళ్లీ తట్టింది. ఆ నుదుటి మీద నా వణుకు పూర్తిగా ఆగేదాకా ఎవరూ నన్ను ఎత్తలేదు.