ఆలోచన ఆఫీసు పని

రోలర్ల మీద నెత్తురు కడిగేశారు. శవం గేటు దాటకముందే మోటారు మళ్ళీ వేశారు. భార్యను మోసుకుపోతున్న మోటారు మామ ఆ చప్పుడు విని ఆగాడు. వెనక్కి తిరిగి చూశాడు. మళ్ళీ నడిచాడు.

మిల్లులో మోటార్ల మీటలన్నీ అతని చేతిలో ఉంటాయి గనక అందరూ అతన్ని మోటారు మామ అంటారు. బట్టను నొక్కి సాపు చేసే రోలర్ల దగ్గర అతని భార్య పనిచేసేది. రోలర్లకు అడ్డుగా ఉండే ఇనుప రేకు వదులైందని ఆమె చెప్పింది. మళ్ళీ చెప్పింది.

“ఆలోచించడం నీ పని కాదమ్మా. బట్ట అందించు” అన్నాడు మేనేజరు.

అందించింది. బట్టతో పాటు చెయ్యి పోయింది. చేతితో పాటు మనిషి.

ఆ మేనేజరుకు కార్మికులు పెట్టిన పేరు సూత్రాల సార్. ఆ వారంలోనే షెడ్డు గోడలకు కొత్త రంగు వేయించాడు, లైట్లు మార్పించాడు. మనసు హాయిగా ఉంటే పని జోరుగా సాగుతుందని ఎవరో పరీక్ష చేసి తేల్చారట. రేకు మాత్రం బిగించలేదు. తర్వాత అందరినీ నిలబెట్టి పాఠం చెప్పాడు.

“వందేళ్ళ కిందటే ఒక ఇంజనీరు చెప్పాడు: ఆలోచించేవాళ్ళు వేరు, చేసేవాళ్ళు వేరు. గనులు నడిపిన పెద్దమనిషి ఇంకొకాయన చెప్పాడు: ఒక మనిషికి ఒక్కడే పైవాడు. మీ పైవాడు సూపర్‌వైజర్. అతను చెప్పందే వేలు కదపకూడదు. మొన్న జరిగింది క్రమశిక్షణ లేకే.”

“అంటే మా అత్తదే తప్పా సార్?” అని అరిచింది మడతలక్క. బట్ట మడతపెట్టే ఆడవాళ్ళందరికీ ఆమే నోరు.

“అది నీ పైవాడితో మాట్లాడు. నాతో కాదు.”

సాయంత్రం గేటు బయట గుంపు చేరింది.

“ఆఫీసు అద్దాలు పగలగొడదాం!” అన్నాడు రంగు తొట్ల దగ్గర పనిచేసే పొడుగాయన.

“పగలగొట్టు. మన జీతాలు కోసి కొత్తవి బిగించుకుంటారు” అంది మడతలక్క.

“అయితే నోరు మూసుకు కూర్చోమంటావా?”

“అవును, కూర్చుందాం” అన్నాడు మోటారు మామ. భార్య పోయాక నలుగురిలో అతను నోరు విప్పడం అదే మొదలు. “ఆలోచించొద్దన్నాడుగా? సరే. ఒక్కడూ ఆలోచించొద్దు. చెప్పింది చెయ్యండి. చెప్పంది చావనివ్వండి. ఈ మిల్లు ఎవరి బుర్రతో నడుస్తోందో వాడే చూస్తాడు.”

మర్నాడు షెడ్డు నిండా బుద్ధిమంతులే. తొట్టిలో రంగు చిక్కబడుతుంటే పొడుగాయన చేతులు కట్టుకుని చూశాడు. రోజూ కంటితోనే పసిగట్టి నీళ్ళు కలిపేవాడు. ఇవాళ నీలం బట్ట నల్లగా లేచింది. చిరుగుల బట్ట, మంచి బట్ట ఒకే కట్టలో కలిశాయి. సూపర్‌వైజర్ ఒక్కడు, కేకలు నాలుగు దిక్కులా.

“సార్, తొట్టి నిండింది, ఆపమంటారా?”

“సార్, కట్ట జారింది, ఎత్తమంటారా?”

సూత్రాల సార్ పరుగున వచ్చాడు. “మీ బుర్రలేమయ్యాయిరా?”

“ఆఫీసులో దాచుకున్నారుగా సార్!” అంది మడతలక్క. షెడ్డంతా పగలబడి నవ్వింది.

రోలర్ల దగ్గర బట్ట ముడతపడి చుట్టుకుంటోంది. ఎవరూ కదల్లేదు. మేనేజరు వంగి తనే లాగబోయాడు. వదులు రేకు పక్కకు ఒరిగింది. అతని టై కొస రోలర్ల మధ్యకు పోయింది.

“ఆపు! మోటారు ఆపు!”

“నా పైవాడు సూపర్‌వైజర్ సార్. మీరు కాదు” అన్నాడు మోటారు మామ. చెయ్యి మీట మీదే ఉంది.

సూపర్‌వైజర్ రంగు తొట్ల దగ్గర్నుంచి ఇంకా పరుగెత్తుకొస్తున్నాడు. మేనేజరు మెడ వంగింది. గడ్డం ఇనుము మీదికి జారుతోంది. మోటారు మామ ఆ కళ్ళలోకి చూశాడు. ఆమె కళ్ళు కూడా ఇలాగే చూసి ఉంటాయి. ఆ పూట మీట దగ్గర తను లేడు. ఆమె కోసం ఎవరూ ఆపలేదు.

మీట దించాడు.

మోటారు మామే మడతలక్క బల్ల మీది కత్తెర తీసుకుని వెళ్ళి మేనేజరు టై కత్తిరించాడు.

“నిన్ను ఇంత తేలిగ్గా పోనిస్తానా? బతుకు. రోజూ ఈ రేకు చూస్తూ బతుకు.”

సరుకు పాడుచేశారని మేనేజరు కేసు పెట్టాడు. పోలీసులు వ్యానుతో దిగారు.

“ఇదంతా ఆలోచించింది ఎవడు?” అన్నాడు ఇన్‌స్పెక్టర్.

మోటారు మామ ముందుకొచ్చాడు. “నేను.”

“నేనూ ఆలోచించాను” అంది మడతలక్క.

“నాకూ ఓ బుర్ర ఏడిసింది. రాసుకోండి” అన్నాడు పొడుగాయన.

వెనక నుంచి ఇంకో గొంతు. ఆ వెనక ఇంకొకటి. వ్యాను నిండింది, గొంతులు ఆగలేదు.

వ్యాను గేటు దాటాక మిగిలినవాళ్ళు షెడ్డులోకి వెళ్ళారు. రేకు బిగించేదాకా మీట మీద ఎవడి చెయ్యీ పడకుండా రోలర్ల చుట్టూ కూర్చున్నారు. కూర్చోమని వాళ్ళకు ఎవరూ చెప్పలేదు.