అవతలి తలుపు

ఉప్పాయన ర్యాంపు మీద గడ్డి పరుస్తున్నాడు. చెక్క మీద ఒక్క కాలు జారిందా, వెనకున్న పశువులన్నీ బెదురుతాయి. మొరాయించే పశువులను కబేళాకు వెళ్లే రైలెక్కించడమే ముప్పై ఏళ్లుగా అతని పని. నిజానికి ఎక్కించేది అతను కాదు, పెద్దమనిషి. అంటే యార్డులో అందరూ అలా పిలిచే ముసలి ఎద్దు. అది ముందు నడిస్తే మంద మారుమాట లేకుండా వెనకే వస్తుంది. అది మాత్రం వ్యాగన్లోకి వెళ్లి, అటునుంచి అటే అవతలి తలుపులోంచి దిగిపోతుంది. దిగగానే ఉప్పాయన ఒక ఉప్పుగల్లు నాకిస్తాడు. జేబులో ఎప్పుడూ ఉప్పే కనుక అతనికా పేరు.

ఒకప్పుడు రోజుకు మూడు పశువుల రైళ్లు. అన్నం తినడానికి తీరిక ఉండేది కాదు. తరువాత లారీలు దొడ్డి గుమ్మం దగ్గరికే రావడం మొదలైంది. ఇవాళ ఒక్క వ్యాగను, అదే ఆఖరిది. రేపు యార్డు మూసేస్తారు.

పని పోతున్నా అతనికి పెద్ద దిగులు లేదు. యార్డు ఆఫీసరు స్వయానా చెల్లెలి మొగుడు, ఎద్దును ఇచ్చేస్తానని మాటిచ్చాడు. భార్య పోయాక ఇంట్లో పలకరించే దిక్కు లేదు. పెరట్లో రేకుల పాక వేసి, వారం నుంచి మురిసిపోతున్నాడు.

"ఈ లోడు ఎక్కించెయ్ బావా. తరవాత నువ్వే తోలుకుపో," అన్నాడు ఆఫీసరు, కాగితాల్లోంచి తలెత్తకుండా.

"కొత్త పలుపు కూడా కొన్నాను."

ఆఫీసరు ఇంకో కాగితం తిప్పాడు.

"పద పెద్దమనిషీ, ఈ ఒక్కసారే," అని ఉప్పాయన ఎద్దు వీపు తట్టాడు. అది తనకు తెలిసిన దారే కదా అన్నట్టు నింపాదిగా ఎక్కింది. వెనకే మంద ఎక్కింది. ఉప్పుగల్లు చేత్తో పట్టుకుని అతను అవతలికి వెళ్లేసరికి తలుపుకు తాళం వేలాడుతోంది. ఇవతలి తలుపు దభీమని మూసిన చప్పుడైంది.

"బావా, తాళంచెవి ఏదీ?" అని కేకేశాడు ఉప్పాయన.

"పొద్దున దొడ్లో ఒకటి చచ్చింది. ఇరవై రెండు పంపుతామని రాసిచ్చాం. ఇప్పటికిప్పుడు ఇంకోటి ఎక్కణ్ణుంచి తెచ్చేది?"

"నా చేతే ఎక్కిస్తావా?"

"నువ్వు పిలిస్తే తప్ప కదలదుగా," అన్నాడు ఆఫీసరు, నేల చూపులు చూస్తూ.

నమ్మించి గొంతు కోశావని అనబోయాడు ఉప్పాయన. ముప్పై ఏళ్లుగా ఆ ర్యాంపు ఎక్కిన మందలన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. తాళం పట్టుకుని గుంజాడు. అది ఊడలేదు.

లోపల మిగతావన్నీ అరుస్తున్నాయి. పెద్దమనిషి మాత్రం తలుపుకు ముట్టె ఆనించి, ఇవాళేమిటి ఇంత ఆలస్యం అన్నట్టు నిలబడి ఉంది. చెక్కల సందు ఇరుకు, ఉప్పుగల్లు పట్టలేదు. అతను దాన్ని సందుకు ఆనించి పట్టుకుంటే అది నాలుక చాచి నాకింది.

గార్డు ఈల వేశాడు. వ్యాగన్ కదిలిన కుదుపుకు ఉప్పుగల్లు చేయి జారింది. అతను పట్టాల పక్కన కొంతదూరం పరుగెత్తి, ఆగిపోయి, అటునుంచి అటే ఇంటిదారి పట్టాడు.

యార్డులో, పెద్దమనిషి రోజూ దిగే మెట్టు మీద ఉప్పుగల్లు పడి ఉంది. ఒకవైపు నాకిన తడి ఇంకా ఆరలేదు.