ఎనిమిది మూరల కట్టు

మా ఆయనను నేను బొంగరం అంటాను. పెళ్లైన మూడో రోజు నుంచీ అంటున్నాను, ఎవరు విన్నా సరే. ఆ రోజు పొద్దున్నే ఎనిమిది మూరల మార్కీను గుడ్డ తెచ్చి, ఒక కొస నా చేతిలో పెట్టి, "గట్టిగా పట్టుకో. వొదిలేత్తే పడిపోతాను" అన్నాడు. రెండో కొస బొడ్డు మీద ఆనించుకుని, గది ఆ మూల నుంచి గిరగిరా తిరుగుతూ నా దాకా వచ్చాడు. గుడ్డంతా నడుముకు చుట్టుకునేసరికి ఆయన ముక్కు నా ముక్కుకు తగిలింది. నాకు నవ్వు ఆగలేదు. ఆయనకేమో కళ్ల నిండా నీళ్లు. తన పొట్ట చూసి నేను పారిపోతాననుకున్నాడట, మహానుభావుడు.

ఆయన పేరు సూరన్న. పుట్టడమే పొట్ట సరిగా మూసుకోకుండా పుట్టాడు. బొడ్డు చుట్టూ లోపలి కండ కలవలేదు, పైన చర్మం మాత్రం కప్పుకుంది. దగ్గినా, బరువెత్తినా, గట్టిగా నవ్వినా పేగులు అక్కడికి పొంగుకొచ్చి పొట్ట కొబ్బరికాయంత అవుతుంది. మా అత్త చెరుకు కూలికని ఈ దీవికొచ్చి ఓడ దిగిన ఏడాదికే ఈ రోజ్ బెల్ ఎస్టేటు కూలీల లైన్లలో ఆయనను కన్నది. బిడ్డ బతకడన్నారు అందరూ. ఆవిడ ఓడలో కట్టుకొచ్చిన చీర చింపి పొట్టకు చుట్టి, "ఎందుకు బతకడో నేనూ సూత్తాను" అందట. ఆ మొండితనం తల్లిది. ఆయనకు రాలేదు. ఆయన మనసు వెన్న.

చెరుకు కట్టలు నెత్తికెత్తుకోలేడు కాబట్టి కూలీల మీద అజమాయిషీ చేసే సర్దారు ఆయనను ఎడ్ల కొట్టంలో వేశాడు. మేత వేయడం, నీళ్లు పెట్టడం, కాడి ఒరుసుకున్న మెడలకు పసుపు రాయడం. శనివారాలు రామభజన మాత్రం ఆయనదే. పాట పైకెత్తే ముందు కుడిచెయ్యి పొట్ట మీద పెట్టుకుంటాడు. జనం అది భక్తి అనుకుంటారు. కట్టు జారకుండా అని నాకు కదా తెలుసు! ఎస్టేటు డాక్టరు ఒకసారి చూసి, కోసి కుట్టవచ్చు గానీ ప్రాణానికి పూచీ లేదన్నాడు. నేను మా ఆయన చెయ్యి పట్టుకుని ఇంటికి లాక్కొచ్చేశాను. పొద్దున్నే గుడ్డ కొస పట్టుకోవడం నాకేమైనా బరువా?

ఆయనను తినేసే దిగులు ఒక్కటే. తన పొట్ట పిల్లలకు వస్తుందేమోనని. మా బాలమ్మ పుట్టినప్పుడు మంత్రసాని జీనెట్ గుమ్మంలోకి వచ్చి ఆడపిల్ల అని చెబితే, "పొట్టెలాగుంది?" అని అడిగిన మనిషి. బాగుందన్నాకే నేల మీద కూలబడ్డాడు. ఆ తర్వాత ఇంకో బిడ్డ వద్దన్నాడు. "ఒకపాలి దేవుడు తప్పించాడే. మల్లీ పరీచ్చ పెట్టొద్దు" అన్నాడు. నేను ఏడ్చాను, తిట్టాను, కొన్నాళ్లు మాట్లాడటమే మానేశాను. గుడ్డ మాత్రం రోజూ పట్టుకునేదాన్ని, మొహం పక్కకు తిప్పుకుని. ఇంకో బిడ్డ కావాలని నాకు ఎంత ఉండేదో చెప్పలేను.

బాలమ్మను రివియేర్ దు రాంపార్ అనే ఊరికి ఇచ్చాం. అల్లుడు బంగారం. మా ఆయన పొట్ట సంగతి మాత్రం వియ్యాలవారికి చెప్పలేదు. వదులు చొక్కా తొడుక్కుని, కట్టు ఇంకాస్త బిగించుకుని పెళ్లి గడిపేశాడు. వియ్యపురాలు మంగమ్మ ఎప్పుడొచ్చినా, "అన్నయ్యకి బాగానే పెడుతున్నావొదినా, బొజ్జ సూడు" అని నవ్వేది. నేనూ నవ్వేదాన్ని. ఆయన నవ్వేవాడు కాదు, నవ్వితే పొంగుతుంది కదా.

తొలి కాన్పుకు బాలమ్మ పుట్టింటికి వచ్చింది. కోత రోజులు కావడంతో అల్లుడికి సెలవు దొరకలేదు. మంగమ్మే బెల్లం, మిరియాలు మూట కట్టుకుని రైల్లో వచ్చి దిగింది. అప్పటి నుంచీ మా ఆయనకు ముద్ద దిగడం లేదు.

"ముందే సెప్పేద్దామే" అన్నాడు వంటింట్లో, గొంతు తగ్గించి. "బిడ్డకి నా పొట్టొత్తే ఆవిడ మన బాలమ్మని సరిగ్గా సూత్తాదా? ఎత్తిపొడుపుల్తో సంపేత్తాది."

"నోరు ముయ్యి. రానిదాన్ని రప్పించకు" అన్నాను. లోపల నాకూ అదే భయం.

శనివారం పొద్దెక్కాక బాలమ్మ కన్నది. పురుటి గదిలోకి మగవాళ్లు రాకూడదు కనుక ఆయన బయట గోడకు ఆనుకుని నిలబడ్డాడు. జీనెట్ ఈ లైన్లలోనే ముసలిదైంది, మా తెలుగు మాట్లాడుతుంది, మధ్యలో తన క్రియోల్ కలుపుతుంది. "గార్సోన్! మగపిల్లోడు!" అని కేకేసింది.

మంగమ్మ మనవణ్ణి ఒళ్లోకి తీసుకుని మొదలుపెట్టింది. "ముక్కు మాది. సూడొదినా, అచ్చం మా ఆయన ముక్కే. సెవులు నా కొడుకువి."

నుదురు మాదని నేను అనబోతున్నాను. ఇలాంటి చోట ఊరుకునే రకం కాదు నేను. ఇంతలో బిడ్డ కేరుమన్నాడు. కప్పిన గుడ్డ జారింది. బొడ్డు మొదట్లో ఉసిరికాయంత ఉబ్బు. ఏడ్చినకొద్దీ పెద్దదవుతోంది.

"ఓలమ్మా, ఇదేటిది?" అంది మంగమ్మ. "మా వొంశంలో ఇలాటిది ఎప్పుడూ నేదే."

ఆ మాట గోడ అవతలికి వినిపించింది. కిటికీలోంచి చూద్దును కదా, ఆయన రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుని ఎడ్ల కొట్టం వైపు నడిచిపోతున్నాడు. నేను మంగమ్మ ఒళ్లోంచి బిడ్డను లాక్కుని గుడ్డ కప్పేశాను.

అప్పుడు మా బాలమ్మ మోచేతి మీద లేచింది. మొహంలో రక్తపు చుక్క లేదు, మాట మాత్రం గట్టిగా వచ్చింది.

"ముక్కు మీదే అత్తా. సెవులూ మీవే, తీసేసుకో. పొట్ట మాత్రం మా నానది. అది నేనెవురికీ ఇవ్వను." ఆ వెంటనే కిటికీ వైపు తిరిగి కేకేసింది. "నానా! ఎక్కడికెల్తన్నావు? నీ మనవడికి కట్టు కట్టాల. అమ్మకి పట్టుకోడమే వొచ్చు, కట్టడం రాదు!"

ఆయన ఆగాడు. వెనక్కి వచ్చి గుమ్మం దగ్గర నిలబడిపోయాడు. "పురిటి గదిలోకి మగోళ్లా?" అని మంగమ్మ అంటూండగానే జీనెట్ ఆయన రెక్క పట్టుకుంది. "రాంత్రే, తాతా, రాంత్రే" అని లోపలికి లాగేసింది.

ఆయన ఎవరినీ చూడలేదు. చొక్కా విప్పి, కట్టు కొస లాగి, వెనక్కి తిరుగుతూ గుడ్డంతా విప్పాడు. బెత్తెడు వెడల్పున ఒక పేలిక చింపి జీనెట్ చేతికిచ్చాడు. ఆవిడ దాన్ని మరిగే నీళ్లలో వేసి, పిండి, పొయ్యి సెగకు పట్టింది. అది ఆరే వరకూ ఆయన రెండు చేతులతో పొట్ట ఎత్తి పట్టుకుని, నేల చూస్తూ వియ్యపురాలి ముందు నిలబడ్డాడు. నా చేతుల్లో బిడ్డ ఉన్నాడు. లేకపోతే నేనే వెళ్లి అడ్డం నిలబడేదాన్ని.

మంగమ్మ ఆ పొట్టను చూసింది. చాలాసేపే చూసింది. తర్వాత లేచి, కింద పడున్న గుడ్డ కొస తీసుకుంది.

"నేను పట్టుకుంటాను, తిరుగన్నయ్యా" అంది. "ఇంత కట్టం పెట్టుకుని ఆ పాటలెలా పాడతన్నావయ్యా? మేమేమో బొజ్జ, బొజ్జ అని నవ్వీవోళ్లం." ముక్కు చీదుకుంది.

ఆయన తిరిగాడు. ఆవిడకు మూరెడు దూరంలోనే ఆగిపోయి, కొస తీసుకుని తానే దోపుకున్నాడు. ముక్కు తగిలేదాకా రావడం నా దగ్గరే.

బిడ్డను పడుకోబెట్టాం. ఏడుపుకీ ఏడుపుకీ మధ్య వాడు ఊపిరి పీల్చుకునేదాకా ఆగి, ఆయన వేలితో మెల్లగా నొక్కాడు. ఉబ్బు లోపలికి జారింది. పేలిక చుట్టాడు. "బిగించకూడదమ్మా, ఊపిరాడాల. పట్టి ఉంచాల, అంతే" అని కూతురికి చెప్పాడు. ఆ తర్వాత వంగి, మనవడి చెవిలో అన్నాడు, "భయపడకురా. నేను బతికేశాను కదా."

పురుడు వెళ్లిన రోజు లైన్లలో వాళ్లంతా చూడ్డానికొచ్చారు. ఎవరి పోలిక, ఎవరి పోలిక అని ఒకటే గోల. ముక్కు సంగతి ఎత్తడానికి మంగమ్మ నోరు తెరిచింది. ఆవిడ మాట పూర్తి కాకుండానే, మా ఆయన, ఇన్నేళ్లూ పొట్టను చొక్కా కింద దాచుకున్న మనిషి, అందరి మధ్యా నిలబడి చొక్కా పైకెత్తేశాడు.

"దించవయ్యా" అన్నాను. దించలేదు.