నక్షా మీద కొమ్ము

జీవరాజు పొద్దున్నే దుకాణం తెరిచి ముందు జిగురుకు మైదా ఉడికించుకుంటాడు. బీదరు చౌబారా దగ్గర పటాలు కట్టే దుకాణం అతనిది. దేవుళ్ళ పటాలు, పెళ్ళి ఫోటోలు కడతాడు గానీ మనసంతా పాత నక్షాల మీదే, ఊళ్ళూ దారులూ చూపే మ్యాపుల మీద. దొరల కాలం నాటివి కొని, మరకలు తుడిచి, చిరుగులు అతికి, అద్దం బిగించి, గోడకు అందంగా ఉంటాయని అడిగేవాళ్ళకు అమ్ముతాడు.

అమ్మనిది ఒక్కటే. వందేళ్ళ కిందట ఎవరో దొర గీయించినది. అంచు చుట్టూ ద్రాక్ష తీగలు, మూలన అంబారీ ఏనుగు, మధ్యలో బీదరు, చుట్టూ ఊళ్ళు, ఇంటికొక ఎర్ర చుక్క. ఆ నక్షాకు ఏమైతే నేలకూ అదే అవుతుంది. ఒకసారి దాని మీద చాయ్ చుక్క పడి మంగళగిలో ఎండిన కుంట నిండింది. నీళ్ళు కొంచెం తియ్యగా ఉన్నాయన్నారు, అంతే. నక్షాను ఎవరూ వింతగా చూడలేదు, జీవరాజునే అనుమానంగా చూశారు. మంగళగి వాళ్ళే కావాలని అతనికి చాయ్ తాగించారని దుబల్గుండి ఊరివాళ్ళు ఇప్పటికీ అంటారు. పాపం, అతను ఏ ఊరికి చుట్టపుచూపుగా పోయినా, అక్కడ ఏం గీయబోతున్నాడోనని పక్క ఊరివాళ్ళు ఆరా తీసేవారు.

ఆ ఏడు వానాకాలంలో నక్షాకు పురుగు పట్టింది. సరిగ్గా కమఠాణలో, దయమ్మ ఇంటి చుక్క మీద బొక్క పడింది. ఊళ్ళో ఆమె పడమటి గోడ మాయమైంది, తర్వాత వంటింటి కప్పు. మొగుడు పోయిన మనిషి. ఆ ఇల్లు తప్ప నిలువ నీడ లేదు.

"జీవరాజయ్యా, ఓ కాయితం ముక్క అతికి నా ఇల్లు గీయరాదే" అని దుకాణంలో కూర్చుంది.

ఆమె వెనకే పక్క చేను పీరప్ప దిగాడు. ఇల్లు పోతే ఆ జాగా తన చేలో కలుస్తుందని అతని ఆశ.

"గీస్తవు, ఎందుకు గీయవు! ఎంట్రుకంత ఇటు జరిగితే నా చేన్ల రెండు సాళ్ళు పోతయి. మీరిద్దరు ఒక్క చర్చి మనుషులు, నాకు తెల్వదా?"

"నీ కండ్ల ముందటనే గీస్త మామా" అన్నాడు జీవరాజు.

"పాలోడు గూడ నా కండ్ల ముందటనే నీళ్ళు కలుపుతుండు."

చివరికి ముగ్గురూ తగవు తీర్చమని, భూముల లెక్కలు చూసే గిర్దావరు దగ్గరికి పోయారు. బీదరు మైసూరు రాష్ట్రంలో కలిసి అప్పటికి ఐదారేళ్ళు. ఆయన ధార్వాడ వైపు మనిషి, రాసేదంతా కన్నడమే. రిజిష్టరు తిరగేశాడు. దయమ్మ ఇల్లు అందులో ఎక్కనే లేదు. గోరంత చీటీ మీద సిరాకలంతో ఒకే మాట రాసిచ్చాడు: ఇల్ల. అంటే, లేదు. బొక్క మీద ఇదే అతకాలి, ఇంకేమీ గీయకూడదన్నాడు. ఆ చీటీ అతికితే మిగిలిన గోడలూ ఉండవని ముగ్గురికీ తెలుసు.

దుకాణానికి తిరిగొచ్చి జీవరాజు మైదా గిన్నె అందుకోబోతే పీరప్ప చెయ్యి పట్టుకున్నాడు.

"నువ్వు ముట్టకు. నేనే అతుకుత."

"పలుచగ పూయాలె మామా, లేకుంటే సిరా..."

"నాకు నేర్పకు."

పీరప్ప మైదాను సినిమా పోస్టరుకు పూసినట్టు మెత్తాడు. చీటీ పెట్టి, బొటనవేలితో ఒత్తి, కుడివైపుకు గట్టిగా రుద్దాడు. తడికి సిరా కదిలింది. చివరి అక్షరం నుంచి సన్నటి తోక సాగి, పైకి తిరిగి ఆగింది.

కన్నడం, తెలుగు రాతలో అక్కాచెల్లెళ్ళు. ఇల్లకు కొమ్ము మొలిచింది.

"ఇల్లు" అని కూడబలుక్కుని చదివింది దయమ్మ.

పీరప్ప దాన్ని గోరుతో గీకబోయాడు.

"పైలం మామా, ఆ పక్కనే నీ చేను గూడ ఉన్నది" అన్నాడు జీవరాజు. పీరప్ప చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

సాయంత్రానికి కమఠాణలో పడమటి గోడ నిలబడి ఉంది. తడి ఇంకా ఆరలేదు, అక్కడక్కడా నీలం చారలు. వంటింటి కప్పూ వచ్చింది. దయమ్మ గోడకు చెంప ఆనించి ఏడ్చింది, సంతోషం పట్టలేక. పీరప్ప గట్టు మీద నిలబడి, జీవరాజు సిరాలో ఏదో కలిపాడని వచ్చేపోయే వాళ్ళకు చెప్తున్నాడు.

ఆమె కొంగుతో మొహం తుడుచుకుని గుమ్మంలోకి వచ్చింది.

"లోపటికి రా పీరప్పన్నా. నువ్వు కట్టిన ఇల్లే గదా."