కొలరాయి నోట్లో మన్ను

...కోపం ముదిరితే నోరు పెగలకపోవడం మా వంశంలోనే ఉంది. నాన్నకూ అంతే. నా మౌనం చూసి తప్పు ఒప్పుకున్నాననుకుంటోంది జుల్మీరా. సంతంతా అలాగే అనుకుంటోంది.

"పలకవేం ఇదలీనా? పోయిన మంగళవారం నీ దగ్గర కొన్న చిక్కుడు గింజలు ఇంట్లో కొలిస్తే గుప్పెడు తక్కువొచ్చాయి. దారిలో గింజలు నడిచిపోయాయా?"

"నీ ఇంట్లో కొలిచింది దేంతో, నీ నోటితోనా?" అంది పక్కన జున్ను అమ్మే ఔగుస్తా. అందరూ నవ్వారు. నా తరఫున నవ్వినవాళ్ల మీదా నాకు కోపమే వచ్చింది.

ఇదివరకు ఇలాంటి తగువు క్షణంలో తేలిపోయేది. సంత మధ్యలో ధాన్యం కొలిచే రాతి తొట్టి, కొలరాయి, ఉంది, రాజుల కాలంనాటిది. అనుమానం వస్తే సరుకు అందులో పోసి కొలత సరిచూసేవారు. "రాయికి చుట్టాల్లేరు" అనేది నానమ్మ. దాని అంచు ఎన్ని చేతులు తగిలి అరిగిందో.

ఈ వసంతంలో పురపాలకులు దాన్ని మట్టితో నింపి ఎర్రపూల మొక్కలు నాటారు. అందమైన ఊళ్ల పోటీ అట. పక్కన పలక పెట్టి చరిత్ర అని రాశారు. చరిత్ర నోట్లో మన్ను కొట్టి, దాని ముందు నిలబడి ఫొటోలు దిగుతున్నారు.

తొట్టిని మట్టితో నింపిన ఆ రోజూ నేను మాట్లాడలేదు. ఎందుకని? బాధపడ్డాననే ఇన్నాళ్లూ అనుకున్నాను. ఇప్పుడు జుల్మీరా మొహం చూస్తుంటే గుర్తొస్తోంది, అప్పుడు నాకు కలిగింది బాధ కాదు. కాస్త తేలిక. నేను గింజలు కొలిచే ఈ చెక్క మానిక నాన్నది. అడుగు పుచ్చిపోతే ఆయనే కొత్తది వేశాడు. కొత్త చెక్క మందమై కొలత తగ్గిందేమో అని నేనెప్పుడూ చూడలేదు. చూడకుండా ఉండటానికి ఆ పూలు బాగానే పనికొచ్చాయి.

ఆ తలపుతో కోపం ఇంకా పెరిగింది. జుల్మీరా మీదో, నాన్న మీదో, నా మీదో.

మానిక నిండా గింజలు పోసి, కర్రతో తల సమం చేసి, రెండు చేతులా పట్టుకుని తొట్టి దగ్గరికి నడిచాను. వెనక నవ్వులు ఆగిపోయాయి.

మొక్కలకు నీళ్లు పోస్తున్నాడు పురపాలక సంఘం మనిషి అబీలియు. "ఇదలీనక్కా, వాటిని ముట్టుకోకు. పోటీవాళ్లు మధ్యాహ్నం వస్తున్నారు. నా ఉద్యోగం తీస్తావా ఏంటి?"

మానికను రాతి అంచు మీద పెట్టాను. తడిమట్టిలోకి వేళ్లు దించి, మొదటి మొక్కను వేర్లతో సహా పెకలించాను.